డ్రాగన్ కోపంపై శాఖాపరమైన అభ్యంతరాలు

మనిషికి ఇష్టాలుంటాయన్న సంగతిని నీటి మీటర్ల శాఖ చివరికి అధికారికంగా అంగీకరించింది. అంతకుముందు ఈ విషయంలో శాఖకు ఏ అభిప్రాయమూ ఉండేది కాదు. పైపులకు లీకులుంటాయనీ, మీటర్లకు ముళ్లుంటాయనీ, వినియోగదారులకు బకాయిలుంటాయనీ శాఖకు తెలుసు. ఉద్యోగులకు జీతం, సెలవులు, నడుంనొప్పి ఉంటాయని కూడా తెలుసు. కానీ వాళ్ల లోపల ఇష్టాలు కూడా ఉండి, పంచుకునే దిక్కులేక అవి కుర్చీల్లోనే మగ్గిపోతున్నాయని ప్రధాన కార్యాలయంలో ఎవరో పెద్దాయనకు ఒక మధ్యాహ్నం తట్టింది. (ఆ మధ్యాహ్నం ఆయన గదిలో ఏసీ పనిచేయలేదని అంటారు. ధ్రువీకరణ లేదు.)

వెంటనే సర్క్యులర్ వచ్చింది. పథకం పేరు ‘ఉద్యోగుల వ్యక్తిగత ఉత్సాహాల పరస్పర పంపిణీ’. దీని ప్రకారం ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక ఉద్యోగి మీటింగు హాల్లో నిలబడి, తనకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం గురించి ఇరవై నిమిషాలు ఉత్సాహంగా మాట్లాడాలి. మిగతావాళ్లు అంతే ఉత్సాహంగా వినాలి. ఇష్టాలేవీ లేని ఉద్యోగులు ఆ మేరకు పైఅధికారి సంతకంతో ‘ఇష్టలేమి ధ్రువపత్రం’ తెచ్చుకోవాలి.

సర్క్యులర్ చదివి ఆ కార్యాలయంలో అందరూ తలలు పట్టుకున్నారు, ఒక్క గెలాక్సీ గారు తప్ప.

గెలాక్సీ గారు బిల్లుల సవరణ విభాగంలో సీనియర్ సహాయకురాలు. ఆవిడకు సొంత పేరు లేకపోలేదు, అది హాజరు పట్టీలో భద్రంగా ఉంది. కానీ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి, క్యాంటీన్‌లో ఎవరో మాటవరసకు “ఆదివారం ఏం చేశారండీ” అని అడిగితే, ఆవిడ వేరే గెలాక్సీలో జరిగిన ఒక యుద్ధం గురించి చెప్పడం మొదలుపెట్టారు. అడిగినాయన టీ చల్లారిపోయింది. ఆ తర్వాత ఆయన బదిలీ చేయించుకున్నారు. పేరు మాత్రం ఆవిడ దగ్గరే ఉండిపోయింది.

ఆవిడకు అంతరిక్ష నౌకలంటే ప్రాణం. మాట్లాడే కత్తులన్నా, కాలంలో వెనక్కి నడిచే మనుషులన్నా, రెండు సూర్యుళ్లున్న ఆకాశాలన్నా ఇష్టం. అన్నిటికన్నా ఇష్టం ‘ఊపిరి ఓడ’ అనే తొమ్మిది సంపుటాల నవల. అందులో ఒక ఓడ చుక్కల మధ్య మూడు వందల ఏళ్ల ప్రయాణం చేస్తూ ఉంటుంది. దానికి ఇంజను లేదు. ఓడ అడుగున గొలుసులతో కట్టేసిన ఒక ముసలి డ్రాగన్ ఉంటుంది. అది కక్కే నిప్పుతోనే ఓడ కదులుతుంది. అయితే ఆ డ్రాగన్‌కి కోపం వస్తేగానీ నిప్పు రాదు. అందుకని రోజూ పొద్దున్నే ఒక ఉద్యోగి కిందికి దిగి, దాన్ని నానా మాటలూ అని కోపం తెప్పించాలి. తరతరాలుగా అదొక కొలువు. ఇప్పుడా కొలువులో పదహారేళ్ల పిల్ల ఉంది.

ఈ నవల నాలుగో సంపుటంలో ఒక ఘట్టం ఉంది. గెలాక్సీ గారు దాన్ని మొదటిసారి చదివినప్పుడు బస్సులో ఉన్నారు. దిగాల్సిన స్టాపు దాటి, ఆఖరి స్టాపు దాటి, డిపోలోకి వెళ్లి, బస్సు కడిగేవాళ్లు లేపితే దిగారు. అప్పట్నుంచీ ఆ ఘట్టాన్ని ఎవరికైనా చెప్పాలని ఆవిడ కోరిక. ఇన్నేళ్లలో ఒక్కరూ ఆవిణ్ని నాలుగో సంపుటం దాకా రానివ్వలేదు.

భర్తకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. మంచి మనిషి. పెళ్లయిన మొదటి ఏడాది రెండో సంపుటం సగం దాకా విన్నాడు. ఆ తర్వాత ఇంట్లో ఒక పద్ధతి పెట్టాడు, భోజనాల దగ్గర వేరే గ్రహాల ఊసు రాకూడదని. అత్తగారు మొదట్నుంచీ టీవీ పక్షం. ఎదురింటావిడ గెలాక్సీ గారు కనిపిస్తే పొయ్యిమీద ఏదో మాడుతోందని లోపలికి పోయేది. (ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఏదో ఒకటి మాడుతూనే ఉంది.) కదలకుండా, ఎదురు చెప్పకుండా పక్కన కూర్చునే మనిషి గెలాక్సీ గారికి జీవితంలో ఒక్క పళ్ల డాక్టరే దొరికాడు. కానీ అక్కడ నోరు తెరిచి ఉంచాల్సింది ఆవిడే అయింది, మాట్లాడటానికి వీల్లేకుండా.

అలాంటి మనిషికి మాట్లాడమని ప్రభుత్వమే ఆదేశించింది. మాట్లాడకపోతే శాఖాపరమైన చర్య తప్పదని హెచ్చరించింది కూడా. గెలాక్సీ గారు సర్క్యులర్‌ను రెండుసార్లు చదివి, జిరాక్సు తీయించి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం దాన్ని భర్త ముందు పరిచారు.

“చూశారా,” అన్నారు. “నేను మాట్లాడాలట.”

భర్త కళ్లజోడు సర్దుకుని చదివాడు. “ఆఫీసులో అని ఉందే,” అన్నాడు, తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటూ.

మొదటి శుక్రవారం సూపరింటెండెంట్ గారు నడక గురించి మాట్లాడారు. సూపరింటెండెంట్ అంటే ఆ కార్యాలయానికి పెద్ద దిక్కు. రిటైర్మెంటుకు దగ్గర పడినాయన. ఎడమ కాలు ముందు వేస్తే కుడి కాలు దానంతటదే వస్తుందని ఆయన వివరించారు. చప్పట్లు కొట్టారు. రెండో శుక్రవారం క్యాషియర్ నిద్ర గురించి మాట్లాడుతూ మధ్యలో ఒక ప్రదర్శన కూడా ఇచ్చాడు. అతన్ని లేపాక చప్పట్లు కొట్టారు. మూడో వారానికి గెలాక్సీ గారు దరఖాస్తు పెట్టుకున్నారు.

దరఖాస్తు యాప్‌లో పెట్టాలి. యాప్ పేరు ‘ఉల్లాస్’. అందులో ఇష్టాలన్నీ ముందే పొందుపరిచి ఉన్నాయి: నడక, నిద్ర, వంట, సంగీతం, మొక్కలు, కుటుంబం. వీటిలో దేనికీ చెందని ఇష్టమున్నవాళ్లు చిట్టచివర ‘ఇతరములు’ అన్నది నొక్కాలి. గెలాక్సీ గారు నొక్కారు. ‘మీకు కచ్చితంగా ఇతరములేనా?’ అని యాప్ అడిగింది. అవునన్నారు. ‘మొక్కలు ప్రయత్నించి చూశారా?’ అని అడిగింది. చూశానన్నారు. ‘మీ ఇష్టం పరిశీలనకు పంపబడింది’ అని చెప్పి యాప్ ఆగిపోయింది. దాన్ని మళ్లీ కదిలించడానికి ఫోను ఆపి ఆన్ చేయాల్సి వచ్చింది.

ఇతరముల పరిశీలనకు ఒక కమిటీ ఉంటుంది. దానికి అధ్యక్షుడు సూపరింటెండెంట్, సభ్యుడు అకౌంట్స్ ఆఫీసర్. మూడో సభ్యుడి పోస్టు ఖాళీగా ఉంది. (అయినా మూడో సంతకం లేనిదే తీర్మానం చెల్లదు కాబట్టి, ఆ సంతకాన్ని మిగతా ఇద్దరూ వంతులవారీగా చేస్తారు.) అకౌంట్స్ ఆఫీసర్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో తక్కువ పడినట్టు కనిపించే మనిషి. కాగితం చేతికిస్తే ముందు వెనక్కి తిప్పి చూస్తాడు, అక్కడేమైనా దాచారేమోనని.

వారం తిరక్కుండానే గెలాక్సీ గారికి అభ్యంతరాలు అందాయి.

సదరు డ్రాగన్ స్థిరాస్తి కిందికి వస్తుందా, చరాస్తి కిందికి వస్తుందా తెలుపగలరు. దీనికి ఆవిడ, కట్టేసి ఉన్నంతసేపు స్థిరాస్తి, విప్పితే అది ఏ ఆస్తో చెప్పడానికి ఎవరూ మిగలరు అని జవాబు రాశారు. ప్రయాణం మూడు వందల ఏళ్లు అని ఉంది, అంత సుదీర్ఘమైన సెలవు ఎవరు మంజూరు చేశారు అని అడిగారు. వాళ్లు ఓడలోనే పుట్టారు, పుట్టినచోట ఉండటానికి సెలవు అక్కర్లేదు అని రాశారు. పదహారేళ్ల బాలికను కొలువులో పెట్టడం చట్టవిరుద్ధం కాదా అన్నారు. ఆ ఓడలో ఏడాదికి పదహారు నెలలు, మన లెక్కన ఆ అమ్మాయికి ఇరవై ఒకటి దాటింది అని రాశారు. దీన్ని అకౌంట్స్ ఆఫీసర్ క్యాలిక్యులేటర్ మీద వేసి చూసుకుని, సరిపోవడంతో బాధపడ్డాడు.

చివరికి కమిటీ ఆవిణ్ని తన ఎదుటికి పిలిపించింది.

“ఇదంతా ఎక్కడ జరిగిందమ్మా?” అన్నారు సూపరింటెండెంట్.

“ఎక్కడా జరగలేదండి. కల్పన.”

“అంటే అబద్ధమన్నమాట.”

“అబద్ధం కాదండి, కల్పన.”

“రెండిటికీ తేడా ఏమిటో కాస్త సెలవిద్దురూ,” అన్నాడు అకౌంట్స్ ఆఫీసర్. “ఫైల్లో రాసుకోవాలి.”

గెలాక్సీ గారు ఆలోచించారు. “అబద్ధం చెప్పేవాడికి మనం నమ్మితే చాలండి. కల్పన రాసేవాడికి అది చాలదు. మనం నమ్మకుండానే ఏడవాలి.”

సూపరింటెండెంట్ సర్క్యులర్ తీసి చూసుకున్నారు. “ఉత్సాహం అని ఉందమ్మా ఇందులో. ఏడుపు సంగతి లేదు.”

“ఉత్సాహంగానే ఏడుస్తామండి,” అన్నారు గెలాక్సీ గారు.

కమిటీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఖాళీ కుర్చీ వైపు కూడా చూశారు. తాము చదవని దాన్ని తాము ఆమోదించలేమనీ, కాబట్టి తొమ్మిది సంపుటాలనూ కమిటీ ముందు దాఖలు చేయాలనీ తీర్మానం జరిగింది. (ఆ కార్యాలయ చరిత్రలో ఒక కమిటీ తన ముందున్న కాగితాలను చదవాలని నిర్ణయించుకోవడం అదే మొదలు. చదవడం ఎలా మొదలుపెట్టాలో నిబంధనల్లో లేకపోవడంతో రెండు రోజులు ఆలస్యమైంది.)

గెలాక్సీ గారు తన పుస్తకాలను రెండు సంచుల్లో, ఆటోలో, ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. అట్టలు వేసి, అంచులు అతికించి, ప్రాణంగా చూసుకున్న పుస్తకాలవి. దాఖలైన ప్రతి కాగితానికీ వర్తించే పద్ధతి ప్రకారం వాటికి నంబర్లు వేశారు, మొదటి పేజీ మీద గుండ్రటి ముద్ర కొట్టారు, ఎడమ మూల చిల్లు పొడిచి ఎర్ర ట్యాగు దూర్చారు. ఆ చిల్లు ప్రతి పేజీలోనూ ఒక మాటను తినేసింది. గెలాక్సీ గారు నిలబడి చూశారు. పొడిచే అతను, “ఈ నాలుగోది బాగా మెత్తబడిపోయిందండీ, ఊరికే దిగిపోతోంది,” అని మెచ్చుకున్నాడు.

మొదటి మూడు రోజులు కమిటీ వాళ్లు చదువుతూ నిట్టూర్చారు. నాలుగో రోజున సూపరింటెండెంట్ గారు సాయంత్రం నడకకు వెళ్లలేదని తెలిసింది. ఆయన భార్య కంగారుపడి ఆఫీసుకు ఫోన్ చేస్తే, ఆయన ఇంకా సీట్లోనే ఉన్నారు. “ఓడకి చిల్లు పడిందే,” అని చెప్పి ఫోన్ పెట్టేశారట. అకౌంట్స్ ఆఫీసర్ కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చి, బిల్లుల మీద సంతకాలు పెట్టమంటే, “ఆగండి, ఆ పిల్ల మెట్లు దిగుతోంది,” అన్నాడు. ఏ పిల్ల, ఏ మెట్లు అని గుమాస్తాలు అడిగారు. ఆయన చెప్పాడు. అలా రెండో వారానికల్లా ఆ పుస్తకాలు పరిశీలన నిమిత్తం టేబుల్ నుంచి టేబుల్‌కి తిరగడం మొదలైంది. ట్యాగు విప్పి, సంపుటాలు విడదీసి, ఒకరు చదువుతుంటే వెనక ఇంకొకరు నిలబడి చదివారు.

నీళ్ల బిల్లుల గురించి వచ్చినవాళ్లకు కిటికీ దగ్గర ఒక బోర్డు కనిపించేది: ‘కమిటీ పఠనంలో ఉంది’. జనం బోర్డు చూసి వెళ్లిపోయేవాళ్లు. ఒక సెలూన్ యజమాని మాత్రం వెళ్లలేదు. రెండు కుర్చీల సెలూన్ ఆయనది. ఆ నెల ఆయన ఒక ఈతకొలను నింపినంత నీళ్లు వాడినట్టు బిల్లు వచ్చింది. రోజూ పొద్దున్నే వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. ఊరికే కూర్చుంటే తోచక, పక్కన గుమాస్తాలు పైకి చదువుకుంటుంటే వినేవాడు. వారం తిరిగేసరికి బిల్లు మాట మరిచిపోయి, “నిన్న ఎక్కడ ఆపారు బాబూ?” అని అడగడం మొదలుపెట్టాడు.

గెలాక్సీ గారి ఆనందం ఇంతా అంతా కాదు. ఇన్నేళ్లకు చుట్టూ మనుషులు దొరికారు. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో నలుగురు తలలు దగ్గరపెట్టి డ్రాగన్ గురించి మాట్లాడుకుంటుంటే, ఆవిడ టిఫిన్ డబ్బా పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లారు. వాళ్లు మాటలు ఆపేశారు.

“ఆపేశారేం?” అన్నారు ఆవిడ. “ఆ రెండో సంపుటం సంగతేగా? అక్కడ డ్రాగన్ ఎందుకు నవ్విందంటే...”

“మేడం,” అన్నాడు అకౌంట్స్ ఆఫీసర్, మర్యాదగా లేచి నిలబడి. “మీరు దరఖాస్తుదారు. విషయం కమిటీ పరిశీలనలో ఉండగా దరఖాస్తుదారుతో చర్చించకూడదు. రేపు ఎవరైనా అడిగితే మేం ప్రభావితమయ్యామంటారు.”

ఆవిడ వేరే టేబుల్ దగ్గర కూర్చున్నారు. అక్కడికి కూడా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. వాళ్లు చెప్పుకుంటున్నదంతా తప్పు. డ్రాగన్ రంగు తప్పు, ఓడ పేరు తప్పు, ఆ పిల్ల మనసైతే పూర్తిగా తప్పు. గెలాక్సీ గారు చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని, నోరు కట్టేసుకుని విన్నారు. ఆ కార్యాలయం మొత్తంలో ఆ పుస్తకం గురించి మాట్లాడే హక్కు లేని మనిషి ఇప్పుడు ఆవిడ ఒక్కరే.

నాలుగో సంపుటం దగ్గర కమిటీ చీలిపోయింది.

అందులో తేలేదేమిటంటే, ఆ డ్రాగన్‌కి నిజానికి వందేళ్లుగా కోపమే రావడం లేదు. వచ్చినట్టు నటిస్తూ నిప్పు కక్కుతోంది. ఇది చదవగానే అకౌంట్స్ ఆఫీసర్ ఎర్ర పెన్ను తీశాడు. కోపం లేకుండానే నిప్పు వస్తున్నప్పుడు, కోపం తెప్పించే ఉద్యోగులకు వందేళ్లపాటు ఇచ్చిన జీతాలన్నీ అక్రమ వ్యయం కిందికే వస్తాయనీ, వారసుల నుంచి వసూలు చేయాలనీ ఆయన వాదన. సూపరింటెండెంట్ గారు ఒప్పుకోలేదు. ఉద్యోగులు వేళకు వచ్చారు, తిట్టాల్సింది తిట్టారు, వెళ్లారు. పనివల్ల ఫలితం ఉందా లేదా అన్నది ఉద్యోగి చూసుకోవాల్సిన విషయం కాదని ఆయన వాదన. (ఈ సూత్రం మీదే ఆయన ముప్పై ఏళ్ల సర్వీసు నిలబడి ఉంది.) ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. ఒకే టేబుల్‌కి అటూ ఇటూ కూర్చుని, ఒకరికొకరు మెమోలు పంపుకున్నారు. కార్యాలయం కూడా, జీతాలు సక్రమమే అనే కోపం పక్షం, వసూలు చేయాల్సిందే అనే శాంతం పక్షం అని రెండుగా విడిపోయింది. ఖాళీ పోస్టు సంతకం ఎవరు చేయాలన్న దగ్గర పెన్ను లాక్కున్నారు.

ఏదైతేనేం, అనుమతి వచ్చింది. ఇరవై నిమిషాలకు మించరాదు. ‘డ్రాగన్’ అన్న మాటకు బదులు ‘సదరు జీవి’ అని వాడాలి. ముగింపు చెప్పరాదు, ఎందుకంటే స్టోర్స్ విభాగం వారు ఇంకా ఆరో సంపుటంలోనే ఉన్నారు. ప్రసంగానికి ముందు ఇంట్లో ఒకసారి అభ్యాసం చేసి, మతి స్థిమితంగా ఉన్న ఇద్దరు కుటుంబ సభ్యుల సంతకాలు తేవాలి.

ఆ రాత్రి భోజనాలయ్యాక భర్తనీ, అత్తగారినీ సోఫాలో కూర్చోబెట్టారు. భర్త ఐదు నిమిషాలు బుద్ధిగా విన్నాడు. ఆ తర్వాత తల పక్కకు వాలిపోయింది. అత్తగారు మాత్రం, టీవీ ఆపిన కోపం పోగొట్టుకోకుండానే, ఒక ప్రశ్న వేశారు.

“ఆ పిల్లకి జీతమెంతమ్మా?”

“రాయలేదత్తయ్యా.”

“రోజూ పొద్దున్నే లేచి ఒకళ్లని తిట్టి కోపం తెప్పించడం కొలువా? మా ఆడపడుచు పైసా తీసుకోకుండా చేసేది.” ఆవిడ సంతకం పెట్టి, కాగితం తిప్పి చూశారు. “ఇంతకీ ఆ జంతువు ఆడదా, మగదా?”

ఈ ప్రశ్న ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. గెలాక్సీ గారు జవాబు చెప్పబోయేంతలో అత్తగారు టీవీ పెట్టేశారు. గెలాక్సీ గారు భర్తను లేపి సంతకం చేయించారు. మతి స్థిమితం దగ్గర ఆయన కాసేపు తటపటాయించాడు.

శుక్రవారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. కోపం పక్షం కిటికీల వైపు, శాంతం పక్షం తలుపు వైపు. వెనక వరసలో సెలూన్ యజమాని, ఆ రోజుకి దుకాణం మూసేసి వచ్చాడు. సూపరింటెండెంట్ గారు టేబుల్ మీద గంట పెట్టుకున్నారు. ఇరవై నిమిషాలవగానే కొట్టాలి.

గెలాక్సీ గారు ఆమోదం పొందిన కాగితం విప్పారు. “గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, సభ్యుల వారికి, ఖాళీ పోస్టుకు నమస్కారం. సదరు జీవి సదరు నౌక అడుగుభాగంలో...” అని మొదలుపెట్టి ఆగారు. ఇన్నేళ్లూ మనసులో చెప్పుకుంటూ వచ్చిన మాటలు ఇవి కావు. కాగితం మడిచి టేబుల్ మీద పెట్టారు.

“ఆ రోజు ఆ పిల్లకి అమ్మ పోయిందండీ,” అన్నారు, మామూలు గొంతుతో.

హాల్లో కదలిక ఆగింది.

“ఓడలో చనిపోయినవాళ్లని చీకట్లోకి వదిలేస్తారు. వదిలేసి, తలుపు వేసి, ఆ పిల్ల డ్యూటీకి వచ్చింది. రాకపోతే ఓడ ఆగిపోతుంది కదా. మెట్లు దిగింది. రోజూ అనే మాటలే అనాలి. నీ పొలుసులు పాత పెంకుల్లా ఉన్నాయి, నీ తాతలు గోడమీది బల్లులు, అలాంటివి. నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్లీ తెరిచింది. రాలేదు. అంత పెద్ద చీకటి గదిలో, అంత పెద్ద డ్రాగన్ ముందు, నోరు తెరిచి నిలబడిపోయింది. అప్పుడు ఆ డ్రాగన్ తల కిందికి దించి, ‘ఇవాళ నువ్వేమీ అనక్కర్లేదు. కూర్చో,’ అంది. ఆ పిల్ల కూర్చుంది. డ్రాగన్ అటు తిరిగి, తనంతట తనే నిప్పు ఊదింది. ఓడ కదిలింది.

“‘నీకు కోపం రాలేదుగా?’ అంది ఆ పిల్ల. ‘మీ తాతమ్మకి తాతమ్మ ఉన్నప్పుడే పోయింది,’ అంది డ్రాగన్. ‘మరి ఇన్నాళ్లూ మమ్మల్ని తిట్టనిచ్చావేం?’ అంటే, ‘రోజుకొకసారైనా ఎవరో ఒకరు మెట్లు దిగి వచ్చేవాళ్లు,’ అంది.”

గెలాక్సీ గారు ఊరుకున్నారు. చెప్పడానికి ఇంకా చాలా ఉందనుకున్నారు ఇన్నేళ్లూ. ఇంతే ఉంది.

టీ ట్రే పట్టుకుని వచ్చినతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. అకౌంట్స్ ఆఫీసర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. సెలూన్ యజమాని భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. సూపరింటెండెంట్ గారి చెయ్యి గంట మీదే ఉంది గానీ కొట్టలేదు. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. కోపం పక్షం, శాంతం పక్షం కలిసిపోయి, ఒక్కొక్కరే లేచి, కుర్చీల చప్పుడు కాకుండా బయటికి వెళ్లారు.

ఆ సాయంత్రం భర్త తలుపు తీస్తూనే అడిగాడు. “ఎలా జరిగింది?”

“విన్నారు.”

“అందరూనా?”

“అందరూ.”

ఆయన చెప్పులు సర్దుతున్నట్టు కాసేపు వంగి ఉన్నాడు. “అయితే ఇంక నాకు చెప్పే పని లేదన్నమాట,” అన్నాడు. ఆ మాటలో సంతోషం ఉండాల్సినచోట ఇంకేదో ఉంది. గెలాక్సీ గారు ఆయన్ని పరిశీలనగా చూసి, ఎదురుగా కూర్చుని, రెండో సంపుటం సగం నుంచి ఎత్తుకున్నారు. అత్తగారు టీవీ ఆపలేదు గానీ, సౌండు బాగా తగ్గించారు. “ఆడదేనత్తయ్యా,” అన్నారు గెలాక్సీ గారు మధ్యలో. “నేననుకున్నాలే,” అన్నారు ఆవిడ.

కథ ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పథకం నిబంధనల ప్రకారం ప్రతి ప్రసంగం మీదా ప్రధాన కార్యాలయానికి నివేదిక వెళ్లాలి. సూపరింటెండెంట్ గారు నిజాయితీగా, జరిగింది జరిగినట్టు రాశారు: ప్రసంగం సాగినంతసేపు ఎవరూ లేచి బయటికి వెళ్లలేదు, ఎవరూ ఫోను చూడలేదు, టీ కూడా అడగలేదు.

ప్రధాన కార్యాలయంలో ఈ నివేదిక సంచలనం రేపింది. శాఖలో ఇంతటి క్రమశిక్షణ మునుపెన్నడూ నమోదు కాలేదు. కారణం ఏమిటని విచారించారు. తొమ్మిది సంపుటాలని తేలింది. పది రోజుల్లో కొత్త సర్క్యులర్ వచ్చింది. దాని ప్రకారం ‘ఊపిరి ఓడ’ మీద ఇష్టం పెంచుకోవడం శాఖలోని అన్ని కార్యాలయాల ఉద్యోగులకూ తప్పనిసరి. నెలాఖరుకు పరీక్ష. తప్పినవాళ్లకు ఇంక్రిమెంటు ఆపుతారు.

ఆ మర్నాటి నుంచి క్యాంటీన్‌లో డ్రాగన్ మాట వినపడలేదు. గుమాస్తాలు గైడ్లు కొనుక్కున్నారు. సూపరింటెండెంట్ గారు మళ్లీ నడకకు వెళ్లడం మొదలుపెట్టి, నడుస్తూ ఓడలోని గదుల పేర్లు వల్లె వేసుకున్నారు. ఆ పిల్ల పేరు ఎత్తితే చాలు, అకౌంట్స్ ఆఫీసర్ లేచి వెళ్లిపోయేవాడు. ఏడో సంపుటం చదువుతున్న స్టోర్స్ విభాగం వారు పుస్తకం మూసేసి, పరీక్షకు ఆరో సంపుటం దాకానే అన్నారని నిర్ధారణ చేసుకున్నాకే టీ తాగారు. సెలూన్ యజమాని ఉద్యోగి కాకపోవడంతో అతనొక్కడే సరదాగా చదువుకున్నాడు. అతని బిల్లు ఈ గొడవలో రెట్టింపైంది.

పరీక్ష అందరితో పాటు గెలాక్సీ గారు కూడా రాశారు. డ్రాగన్ బరువెంత, మూడో సంపుటంలో ఎన్ని అధ్యాయాలు, కోపం తెప్పించే ఉద్యోగి అర్హతలు ఏవి అని ప్రశ్నలు వచ్చాయి. ‘నాలుగో సంపుటంలో బాలిక మెట్లు దిగుటకు గల కారణం ఒక్క మాటలో రాయుము’ అన్న ప్రశ్న దగ్గర ఆవిడ అదనపు కాగితాలు అడిగారు.

ఫలితాలు నోటీసు బోర్డులో పెట్టారు. శాఖ మొత్తం పాసైంది. గెలాక్సీ గారు ఒక్కరే మూడు మార్కుల తేడాతో తప్పారు. ఆవిడ పేరుకు ఎదురుగా ఎర్ర సిరాతో, అభ్యర్థికి ఈ విషయంపై కొంత ఆసక్తి కలిగించవలసి ఉన్నది, అని పరీక్షాధికారి రాశారు.